టాల్కాట్ చెరువు శనివారాలు

జూన్ మొదటి గురువారం సాయంత్రం వేడ్ మా ఇంటి మెట్లెక్కాడు. నాలుగేళ్లలో అదే మొదటిసారి. నేను వంటింట్లో చిక్కుళ్లు తుంచుతున్నాను. దోమల తెర తలుపు అవతల మనిషి నిలబడితే పోస్ట్‌మేన్ అనుకున్నాను. దగ్గరికి వెళ్లాక తెలిసింది. తలుపు తీయలేదు.

"ఏం కావాలి?" అన్నాను.

టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. రెండో చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక పచ్చ అట్ట.

"లైబ్రరీలో ఇచ్చారు మిసెస్ థిబో. పార్కు పాసు. పుస్తకం ఇచ్చినట్టే వారం రోజులకి ఇస్తారు. కారు అద్దానికి తగిలించుకుంటే గేటు దగ్గర టికెట్టు అడగరు."

"అయితే?"

"ఈ శనివారం జోసీని ఆ ఆఫీసు గదిలో కాకుండా టాల్కాట్ చెరువు దగ్గర కలవొచ్చేమోనని. మీరు ఒప్పుకుంటేనే. కారు నడపాల్సింది కూడా మీరే."

ఒకప్పుడు నన్ను 'అమ్మా' అనేవాడు, కొరీన్ పిలిచినట్టే. కొరీన్ నా కూతురు, ఒక్కతే కూతురు. వేడ్ ఆమె భర్త. నాలుగేళ్ల కిందట ఫిబ్రవరిలో బీరు తాగి, మంచులో కారు నడిపి, ఆమెను చంపాడు. ఈ మాట మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు. కోర్టులోనూ ఇలాగే చెప్పాను. అప్పుడు జోసీకి ఐదేళ్లు. ఆ రోజు నా దగ్గరుంది కాబట్టి బతికింది. అప్పట్నుంచీ నా దగ్గరే ఉంది.

మార్చిలో వేడ్‌ని జైలు నుంచి వదిలారు. లాండ్రీ మీద గదిలో ఉంటూ కలప కోతమిల్లులో పలకలు ఎత్తే పనికి వెళ్తున్నాడు. ఇక జన్మలో కారు లైసెన్సు ఇస్తారో ఇవ్వరో తెలియదు. జడ్జి మాత్రం వారం విడిచి వారం, శనివారం రెండు గంటలు కూతుర్ని చూడొచ్చని రాసింది. నేనైనా పక్కనుండాలి, లేదా పిల్లల సంక్షేమ ఆఫీసు మనిషైనా ఉండాలి. ఇప్పటికి రెండుసార్లు ఆ ఆఫీసులోనే కలిశారు. ఇంటికి ఇరవై మైళ్లు. గదంతా ఫినాయిల్ వాసన, రెండేళ్ల పిల్లలు ఆడుకునే బొమ్మలు, మూల కూర్చుని నోటుబుక్కులో రాసుకునే ఒకావిడ. పిల్లల కుర్చీలో వేడ్ మోకాళ్లు గడ్డానికి ఆనేవి. జోసీ రెండు గంటలూ తల ఎత్తకుండా రంగులు వేసింది.

"ఆలోచించుకుని చెబుతాను," అన్నాను.

"నాకు వెళ్లాలనుంది అమ్మమ్మా." వెనక నుంచి జోసీ. ఎప్పుడొచ్చిందో నా వెనకే నిలబడి ఉంది.

"ఎందుకు?"

"ఆ గదికి కిటికీ లేదు."

అంతకు మించి కారణం చెప్పలేదు. నేనూ అడగలేదు.

శనివారం తెల్లవారుజామున వాన పడి వెలిసింది. లాండ్రీ ముందు వేడ్‌ని ఎక్కించుకున్నాను. వెనక సీట్లో ఒక కిటికీకి జోసీ, ఇంకో కిటికీకి అతను. అరగంట ప్రయాణం. పార్కు గేటు దగ్గర ఆకుపచ్చ చొక్కా అమ్మాయి పాసు చూసి నవ్వింది. "లైబ్రరీదా? మంచిపని చేశారు. కుటుంబమంతా కలిసి వచ్చారన్నమాట," అంది. ముగ్గురం ముందుకే చూస్తూ కూర్చున్నాం.

కొండ చుట్టూ తిరిగి చెరువు దగ్గరికి దిగే కాలిబాట ఒకటుంది. నా మోకాళ్లకి అది చదునుగా ఉన్నంతవరకే పర్వాలేదు. వేడ్ ముందు, జోసీ నా చెయ్యి పట్టుకుని, మధ్యలో పదడుగుల ఖాళీ. కాసేపటికి వేడ్ ఆగి నేలవైపు వంగాడు.

"తొక్కకు. చూడు," అన్నాడు.

తడి ఆకుల మీద వేలంత బల్లి లాంటిది, అచ్చం నారింజ రంగు, వీపు మీద ఎర్రటి చుక్కలు. వానకి బయటికొచ్చింది. "ఇవి నీళ్లలో పుడతాయి. నాలుగైదేళ్లు అడవిలో తిరుగుతాయి. మళ్లీ ఆ చెరువుకే పోతాయి," అన్నాడు. ఎవరికి చెబుతున్నాడో తెలియనట్టు నేలకేసే చూస్తూ చెప్పాడు.

జోసీ నా చెయ్యి వదల్లేదు. కానీ నాలుగడుగులు వేశాక ఇంకొకటి తనే చూసింది. తర్వాత ఇంకొకటి. పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతోంది. చెరువు దగ్గరికి చేరేసరికి నా చెయ్యి వదిలి ముందుకు వెళ్లిపోయింది.

"పదమూడు," అంది తండ్రితో. విడుదలయ్యాక అతనితో అన్న మొదటి మాట అదే.

"నాకు పదకొండే కనిపించాయి," అన్నాడు వేడ్.

"సరిగ్గా చూడలేదు నువ్వు."

"అయ్యుండొచ్చు."

నేను ఒడ్డున బల్ల మీద కూర్చుని వాళ్లని చూశాను. అతని మెడ వెనక జుట్టు నెరిసింది. ముప్పైఆరేళ్లే. నాకు జాలి వెయ్యలేదు. వేస్తుందేమోనని భయం మాత్రం వేసింది.

ఆ తర్వాత అది అలవాటైపోయింది. పాసు తేవడం అతని పని, కారు నాది. జోసీ ఎప్పట్నుంచో అతన్ని ఏమీ అని పిలవడం లేదు. జూలై మొదట్లో ఒకరోజు నీళ్లలోంచి "నాన్నా, ఇటు చూడు" అంది. అతను చూశాడు. నేను చెరువుకి వీపు తిప్పి కూర్చుని సంచిలో కళ్లద్దాలు వెతుక్కున్నాను. అవి నా ముక్కు మీదే ఉన్నాయి.

మా ఊరి లైబ్రరీలో పాసులు రెండే. వేసవిలో వాటికోసం చాలామంది పేర్లు రాయించుకుంటారు. జూలై మూడో శనివారానికి వేడ్‌కి దొరకలేదు. ఫోన్ చేసి చెప్పాడు, ఆఫీసు గదికే వెళ్దామని. జోసీ ముఖం చూశాను. గేటు దగ్గర టికెట్టు కొనలేనంత లేమి ఏమీ లేదు నాకు. కానీ ఈ వ్యవహారంలో నా చేతి నుంచి పైసా కూడా పెట్టనని జూన్‌లోనే నిశ్చయించుకున్నాను. అదొక పంతం. అందుకని లైబ్రరీకే వెళ్లాను.

అక్కడ నెడ్రా ఉంటుంది. కొరీన్‌తో కలిసి చదువుకున్న పిల్ల. కంప్యూటర్ చూసి, నన్ను చూసింది.

"మీ పేరు రాయనా? వేడ్ పేరు ఆల్రెడీ ఉంది."

"రెండూ ఉండనీ. ఏది ముందొస్తే అది."

"లియోనా ఆంటీ," అంది మెల్లిగా, "మీరు అతన్ని తీసుకెళ్తున్నారని ఊళ్లో అనుకుంటుంటే నేను నమ్మలేదు. నేనైతే చెయ్యలేను. మీరు చాలా గొప్పవారు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. గొప్పదాన్ని కానని నాకు తెలుసు. ఎందుకు కానో కూడా తెలుసు. ఆ సంగతి నాలుగేళ్లుగా ఒక్కళ్లకి కూడా చెప్పలేదు. "పేరు రాయమ్మా," అని బయటికొచ్చేశాను. ఆ సాయంత్రమే నెడ్రా ఫోన్ చేసింది, ఎవరో పాసు ముందే తిరిగిచ్చేశారని.

ఆగస్టు రెండో శనివారం. ఎండగా ఉంది. కాలిబాటలో సగం దూరంలో ఒక బండ, దాని మీద చెక్కబెంచీ. కింద చెరువంతా కనిపిస్తుంది. ముగ్గురం కూర్చున్నాం, మధ్యలో జోసీ. నేను తెచ్చిన కోడిగుడ్డు శాండ్‌విచ్‌లు ముగ్గురం తిన్నాం. జోసీ ఒక కాగితం మడతపెడుతూ, ముఖం ఎత్తకుండా అడిగింది.

"అమ్మ చనిపోయిన రోజు నువ్వెంత తాగావు?"

వేడ్ నావైపు చూశాడు. చెప్పొద్దని తల ఊపగలిగేదాన్నే, ఊపలేదు.

"నాలుగు బీర్లు," అన్నాడు. "పెదనాన్న వాళ్లింట్లో. ఆయన పుట్టినరోజు."

"నాలుగంటే ఎక్కువా?"

"కారు నడపడానికి ఎక్కువే. నాకు తెలుసు. బాగానే ఉన్నానులే అనుకున్నాను. కొండ దిగేటప్పుడు మంచు మీద చక్రాలు జారాయి. తాగకపోతే ఆపగలిగేవాణ్ణేమో. ఆపలేకపోయాను. కారు అమ్మ కూర్చున్న వైపు చెట్టుకి తగిలింది."

"అమ్మ ఏమైనా అందా?"

"లేదు. నేను పిలిచాను. ఆమె ఏమీ అనలేదు."

జోసీ కాగితం ఇంకోసారి మడిచింది. "మంచు పడుతోంది కదా. పెదనాన్న వాళ్లింట్లోనే ఎందుకు ఉండిపోలేదు?"

నా చేతిలో కాఫీ ఫ్లాస్కు మూత ఉంది. దాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. వేడ్ ఈసారి నావైపు చూడలేదు. కావాలనే చూడలేదు.

"ఇంటికి వచ్చేయాలనిపించింది," అన్నాడు. "అంతే."

అప్పుడు అర్థమైంది నాకు, అతనికి తెలుసని. మొదట్నుంచీ తెలుసని. కొరీన్ నాతో ఫోన్ మాట్లాడినప్పుడు అతను పక్కనే ఉండుంటాడు.

"అంతే కాదు," అన్నాను.

"మిసెస్ థిబో, వద్దు," అన్నాడు వేడ్.

"నువ్వు ఊరుకో." జోసీ వైపు తిరిగాను. "ఆ రోజు సాయంత్రం ఆరింటికి మీ అమ్మ నాకు ఫోన్ చేసింది. మంచు ఎక్కువైంది, ఇక్కడే పడుకుని పొద్దున్నే వస్తాం, జోసీని ఉంచుకోమ్మా అంది. నేను ఒప్పుకోలేదు. ఏడున్నరకి చర్చిలో ఈస్టర్ పాటల సాధన ఉంది నాకు. ఎప్పుడూ నీ వీలే చూసుకుంటావా, నాకంటూ ఏమీ ఉండకూడదా అన్నాను. వచ్చి నీ పిల్లని తీసుకెళ్లు అని ఫోన్ పెట్టేశాను. అందుకని బయల్దేరారు."

చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు. నాలుగేళ్లు దాచిన మాట.

జోసీ లేచింది. మమ్మల్నిద్దర్నీ చూసింది, కొత్తవాళ్లని చూసినట్టు. తర్వాత చెరువు వైపు దిగే దారిలో ఒక్కతే నడిచింది. నేను లేవబోతే మోకాలు పట్టేసింది. వేడ్ నా మోచెయ్యి పట్టుకుని లేపాడు. వదిలించుకోవాలని కూడా తోచలేదు. పిల్ల కనపడేంత దూరంలో ఇద్దరం వెనకాలే దిగాం. వెళ్లి, ఒడ్డు నుంచి నీళ్ల మీదికి కట్టిన చెక్కవంతెన చివర కూర్చుంది, నీళ్లకేసి చూస్తూ. మేం ఒడ్డునే ఆగిపోయాం.

"కోర్టులో ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"మా లాయరు చెప్పమన్నాడు. నేను వద్దన్నాను."

"నా మీద దయా?"

"కాదు. తాగింది నేను. కారు తాళాలు తీసుకుంది నేను. మీరు రమ్మన్నారు, తాగి రమ్మనలేదు." వంతెన వైపు చూశాడు. "జోసీకి మీరు తప్ప ఇంకెవరూ మిగల్లేదు. మిమ్మల్ని కూడా ఎందుకు పోగొట్టడం అనుకున్నాను."

నాకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది. శిక్ష వేసిన రోజు కోర్టు మెట్ల మీద ఇతని ముఖం మీద ఉమ్మేసినంత పని చేశాను. ఇతను తల వంచుకుని వెళ్లిపోయాడు. నోరు విప్పితే నా నోరు మూతపడేది. విప్పలేదు.

"ఇది విన్నందుకు నిన్ను క్షమించానని అనుకోకు," అన్నాను.

"అనుకోవడం లేదు."

అరగంట తర్వాత జోసీ వచ్చింది. "ఇంటికి వెళ్దాం," అంది. లాండ్రీ దగ్గర వేడ్ దిగుతూ "వస్తాను జోసీ" అంటే కిటికీలోంచి చూసింది.

ఆ తర్వాత నాలుగు రోజులూ ఇంట్లో నాతో పొడిపొడిగా మాట్లాడింది. పాలు కావాలా అంటే కావాలి. స్నానం అయిందా అంటే అయింది. తన గది తలుపు ఎప్పుడూ వేసుకోని పిల్ల, వేసుకోవడం మొదలుపెట్టింది. నేను తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేదాన్ని. బుధవారం పొద్దున ఓట్స్ తింటూ అడిగింది.

"ఆ రోజు పాటలకి వెళ్లావా?"

"లేదు. వాళ్లు రాలేదు కదా. నువ్వు సోఫాలో నిద్రపోయావు. నేను కోటు వేసుకుని, తయారై, కుర్చీలో కూర్చున్నాను. కోపంగా."

"ఎవరి మీద?"

"మీ అమ్మ మీద. ఆలస్యం చేస్తోందని."

ఇంతకంటే చెడ్డ మాట నేను ఇంకెప్పుడూ చెప్పలేదు. అప్పటికి కొరీన్ చనిపోయి ఉంది. నేను గడియారం చూసి తిట్టుకుంటున్నాను. పోలీసులు వచ్చి తలుపు తట్టినప్పుడు కూడా, ఎట్టకేలకు వచ్చారు అనుకుంటూ విసురుగా లేచాను.

జోసీ గిన్నె తీసుకెళ్లి సింకులో కడిగింది. అటు తిరిగే ఉండి అంది, "అమ్మ కూడా నా మీద కోప్పడేది. బూట్లు విప్పకుండా లోపలికి వస్తే. కాసేపటికి మర్చిపోయేది."

"అవును, మర్చిపోయేది."

"నీ మీద కూడా మర్చిపోయే ఉంటుంది. అంత దూరం కారులో వస్తూ."

తనే వచ్చి తడిచేతులతో నా మెడ చుట్టూ పట్టుకుంది, ఒక్క క్షణం. స్కూల్లేని రోజులు, అయినా ఏదో పనున్నట్టు బయటికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి తలుపు తెరిచే ఉంది. తండ్రి విషయం మాత్రం ఇంకో నెల పట్టింది. రెండు శనివారాలు రానంది. పాసు తెచ్చుకుని వేడ్ లాండ్రీ ముందు నిలబడి ఉంటే, నేనే వెళ్లి చెప్పాల్సి వచ్చింది. "పర్వాలేదు," అన్నాడు రెండుసార్లూ, పాసు తిరిగిచ్చేయడానికి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. మూడోసారి జోసీ తనే కారెక్కి కూర్చుంది. చెరువు దగ్గర గంటసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ నారింజ రంగువి చలికాలం ఎక్కడ పడుకుంటాయి అని అడిగింది. మొద్దుల కింద అని చెప్పాడు. ఒక మొద్దు ఎత్తి చూపించి, మళ్లీ ఎలా ఉందో అలాగే పెట్టాడు.

సెప్టెంబరు చివర కోర్టులో పిలిచారు. నేను పక్కన లేకుండా వేడ్ కూతుర్ని కలవొచ్చా అన్నది జడ్జి తేల్చాలి. నా అభిప్రాయం అడిగింది. కలవొచ్చన్నాను. ఆ తర్వాత, ఎవరూ అడక్కుండానే, ఫోన్ సంగతి కూడా చెప్పాను. రాసుకునే గుమాస్తా చెయ్యి ఆగింది. జడ్జి కళ్లద్దాలు తీసి నన్ను చూసింది.

"మిసెస్ థిబో, అది ఈ కోర్టు విచారించే విషయం కాదు," అంది.

"తెలుసండీ. ఎక్కడో ఒక చోట రాసి ఉండాలని చెప్పాను."

నేను పక్కన లేకుండా కలవొచ్చని జడ్జి రాసింది. బయటికి వచ్చాక నేరుగా లైబ్రరీకి వెళ్లి నెడ్రాకి కూడా చెప్పాను. ఆ పిల్ల నన్ను కూర్చోమని కుర్చీ జరిపింది. ఇప్పటికీ నాతో మాట్లాడుతుంది, కాకపోతే మునుపటిలా కాదు. అది ఆమె ఇష్టం. కొరీన్ ఆమెకూ స్నేహితురాలే.

అక్టోబరు రెండో ఆదివారం పార్కు మూసేస్తారు. ముందు రోజు శనివారం చివరిసారి వెళ్లాం. ఆకులన్నీ రాలిపోయాయి. వాళ్లిద్దరూ కొండెక్కారు, నేను కింద బల్ల దగ్గరే ఉండిపోయాను. గంటన్నర. నిమ్మళంగా ఉన్నానని అబద్ధం చెప్పను. ప్రతి ఐదు నిమిషాలకీ దారి వైపు చూశాను. ఒక్కసారి లేచి గేటుదాకా కూడా వెళ్లాను, ఎవరినైనా పంపించమని అడుగుదామని. అడక్కుండా తిరిగొచ్చాను. చివరికి మలుపులో జోసీ ఎర్రకోటు కనిపించింది. వెనకాల అతను, ఆమె టోపీ చేత్తో పట్టుకుని.

సోమవారం పాసులు లోపల పెట్టేశారు, మళ్లీ మే నెలదాకా ఇవ్వరు. ఇప్పుడు వేడ్ శనివారాలు మా ఇంటికే వస్తాడు. అతను వచ్చే వేళకి నేను మా వదిన దగ్గరికి వెళ్లిపోతాను. అతనితో ఒకే గదిలో రెండు గంటలు కూర్చోవడం ఇంకా నావల్ల కాదు. అతనికీ అది తెలుసు.

మొన్న శనివారం బాగా మంచు పడింది. నేను తిరిగొచ్చేసరికి తండ్రీ కూతుళ్లు వాకిట్లో మంచు ఎత్తిపోస్తున్నారు. కారు వచ్చే దారంతా శుభ్రం చేసి పెట్టారు. ఇద్దరి బుగ్గలూ చలికి కమిలిపోయాయి.

"లోపల సూపు ఉంది. వేడి చేసుకోలేదా?" అన్నాను.

"మీరు చెప్పలేదు కదా," అన్నాడు వేడ్.

బూట్లు విప్పి లోపలికి రమ్మన్నాను. సూపు వేడి చేసి మూడు గిన్నెల్లో పోశాను. వాళ్లిద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని తిన్నారు. నేను స్టవ్ పక్కన నిలబడే తిన్నాను.